సంక్రాంతి సెలవుల్లో కాలి ఆపరేషన్ వద్దు చెల్లీ, వేసవి దాకా ఆగు

కోనసీమ నుంచి ఒక టీచరమ్మ రాసిన ఉత్తరం ఇది, కాస్త కుదించి పెడుతున్నా.

"అక్కా, నాకు 47 ఏళ్ళు, గవర్నమెంట్ ప్రైమరీ స్కూల్లో టీచర్ని. కుడి కాలి బొటనవేలి పక్కన ఎముక పెరిగి పదేళ్ళు దాటింది, మా అమ్మకీ ఇలాగే ఉండేది. ఇప్పుడు బొటనవేలు రెండో వేలి కిందకి దూరిపోయి ఆ రెండో వేలు పైకి లేచి వంకర తిరిగిపోయింది, దాని మీద చెప్పు ఒరుసుకుని రెండుసార్లు పుండు పడి మానింది. క్లాసులో గంట నిలబడితే కళ్ళల్లో నీళ్ళు తిరుగుతున్నాయి. ఎముకల డాక్టర్ గారు ఎముక కోసి సరిచేసి స్క్రూలు వెయ్యాలి అన్నారు. షుగర్ ఉంది, మూడు నెలల సరాసరి (HbA1c) 8.6 వచ్చింది. సంక్రాంతి సెలవుల్లో చేయించేసుకుని సెలవులు అవ్వగానే స్కూల్ కి వెళ్ళిపోదాం అనుకుంటున్నా. మా అత్తగారు మెట్టెలు తియ్యడానికి వీల్లేదు అంటున్నారు, పప్పు తింటే చీము పడుతుంది అంటున్నారు. మేముండేది మేడ మీద, బాత్రూం కింద. ఎడమ కాలికి నొప్పి లేదు గానీ రెండు కాళ్ళూ ఒకేసారి చేయించుకోవచ్చా అని మా ఆయన అడుగుతున్నారు. మీరు రెండు కాళ్ళకీ చేయించుకున్నారని తెలిసి రాస్తున్నా, సొంత చెల్లి అనుకుని చెప్పండి."

సొంత చెల్లి అనుకోమన్నావు కాబట్టి నువ్వు అనే రాస్తున్నా. నేను డాక్టర్ని కాదు, ఎడమ కాలికి ఒకసారి, రెండేళ్ళ తర్వాత కుడి కాలికి ఒకసారి ఇదే ఆపరేషన్ చేయించుకున్నదాన్ని, మొదటిసారి చెయ్యకూడనివన్నీ చేసి రెండోసారి బుద్ధిగా ఉన్నదాన్ని. నేను చెప్పేదాంట్లో మందులకి సంబంధించింది ఏదైనా మీ డాక్టర్ గారిని అడిగాకే చెయ్యి.

ముందు అసలు మాట చెప్పేస్తా. సంక్రాంతికి వద్దు. పది రోజుల సెలవుల్లో అయిపోయే పని కాదు ఇది. కోసిన ఎముక అతుక్కోడానికే సుమారు ఆరు వారాలు పడుతుంది, షుగర్ ఉన్నవాళ్ళకి ఇంకొంచెం ఎక్కువ పట్టొచ్చు, ఆ ఆరు వారాలు నువ్వు నిలబడి పాఠం చెప్పే ప్రసక్తే లేదు. పైగా పెద్ద పండగంటే ఇంటి నిండా చుట్టాలు, అరిసెల పాకం, కొత్త అల్లుళ్ళు, ఆ హడావిడిలో మంచం మీద కాలు ఎత్తిపెట్టుకుని పడుకోగలవా చెప్పు, నీ మనసు ఒప్పుకోదు, ఒప్పుకున్నా ఎవరో ఒకరు వచ్చి పాకం ముదిరిందేమో చూడవే అంటారు. అదే ఏప్రిల్ చివర్లో స్కూళ్ళు మూసేస్తారు, మళ్ళీ తెరిచేది జూన్ 12 ప్రాంతాల్లో, అంటే చేతిలో ఏడు వారాలు. సెలవులు ఇచ్చిన మర్నాడే ఆపరేషన్ పెట్టించుకో. ఎండాకాలం కట్టు లోపల చెమట పడుతుంది, దురద పెడుతుంది, అది నిజమే, ఒక కూలర్ పెట్టుకుంటే నెట్టుకొచ్చేయొచ్చు. ఇది రేపే చెయ్యకపోతే కొంప మునిగే ఆపరేషన్ కాదు, పదేళ్ళు ఆగిన వేలు ఇంకో మూడు నాలుగు నెలలు ఆగుతుంది. ఒక్కటి మాత్రం జాగ్రత్త, ఆ రెండో వేలి మీద మళ్ళీ పుండు పడితే మాత్రం ఆగకు, ఆ రోజే డాక్టర్ దగ్గరికి వెళ్ళు, షుగర్ ఉన్న కాలి మీద పుండుని చిన్నది కదా అని వదిలెయ్యకూడదు.

ఈ ఆగే నెలలు ఊరికే పోవు. నీ షుగర్ 8.6 అన్నావు చూడు, దాన్ని దింపడానికి ఇదే టైం. మూడు నెలల సరాసరి ఎక్కువున్నప్పుడు కోస్తే పుండు మానడం ఆలస్యం, చీము పట్టే భయం ఎక్కువ, ఎముక అతకడం కూడా ఆలస్యం. చాలామంది సర్జన్లు 7.5 కో 8 కో లోపు వచ్చాకే కత్తి పడతారు. మీ షుగర్ డాక్టర్ గారికి ఫలానా నెలలో ఆపరేషన్ అని ఇప్పుడే చెప్పు, మందులు మార్చాలన్నా ఇన్సులిన్ పెట్టాలన్నా ఆయనకి టైం కావాలి. అలాగే కాలిలో స్పర్శ, నెత్తురు ప్రసరణ రెండూ చూపించుకో, ఒక సన్నటి నైలాన్ తీగని అరికాలి మీద ఆనించి తెలుస్తోందా అని అడుగుతారు, పాదం మీద నాడి చూస్తారు, ఐదు నిమిషాల పని. విటమిన్ డి కూడా చేయించు, మనకి ఇంత ఎండ ఉండి కూడా చాలామందికి తక్కువే ఉంటోంది, నాకు 11 వచ్చింది మొదటిసారి, వారానికో గోళీ లెక్కన వేయించి పెంచాక గానీ రెండో కాలికి డేట్ ఇవ్వలేదు మా డాక్టర్ గారు.

ఇంకోటి, నీ వయసు వాళ్ళు ఎక్కువమంది మర్చిపోయేది. నెలసరి ఎక్కువవుతోందని హార్మోన్ గోళీలు వాడుతున్నావా? వాడుతుంటే తప్పకుండా చెప్పు. కాలు కదపకుండా పడుకున్నప్పుడు పిక్కలో నెత్తురు గడ్డ కట్టే ప్రమాదం ఉంటుంది, కొన్ని హార్మోన్ గోళీలు దాన్ని పెంచుతాయి. కాళ్ళలో నరాలు ఉబ్బి ఉన్నా, ఇంట్లో ఎవరికైనా ఇలా గడ్డ కట్టిన చరిత్ర ఉన్నా చెప్పు, అవసరమైతే నెత్తురు పల్చబడే ఇంజెక్షన్లు ఇస్తారు. నువ్వు వాడే ఆయుర్వేదం, హోమియోపతి కూడా దాచకు. ఆస్పిరిన్ లాంటిది వాడుతుంటే నీ అంతట నువ్వు ఆపెయ్యకు, అడిగి ఆపు. మీ ఇంట్లో ఎవరైనా పొగతాగేవాళ్ళుంటే నీ గదిలోకి రానివ్వకు, నికోటిన్ ఎముకని త్వరగా అతకనివ్వదు, నీకే జర్దా కిళ్ళీ అలవాటుంటే సిగ్గుపడకుండా చెప్పి మానెయ్యి.

ఇప్పుడు ఆపరేషన్ లో ఏం చేస్తారో చెప్తా, తెలిస్తే సగం భయం పోతుంది. అందరం ఎముక పెరిగింది అంటాం గానీ నిజానికి పెరగడం తక్కువ, పక్కకి జరగడం ఎక్కువ. బొటనవేలి వెనక పాదంలో ఒక పొడుగు ఎముక ఉంటుంది కదా, అది లోపలి వైపుకి తెరుచుకుపోతుంది, వేలేమో దానికి ఎదురు దిక్కుకి వాలిపోతుంది, ఆ విరుపు దగ్గర బుడిపెలాగా పొడుచుకొస్తుంది. అందుకే ఆ బుడిపెని ఊరికే చెక్కేస్తే సరిపోదు, ఆ పొడుగు ఎముకని కోసి పక్కకి జరిపి స్క్రూ బిగిస్తారు. కోసే తీరుని బట్టి షెవ్రాన్ అని, స్కార్ఫ్ అని పేర్లు, బొటనవేలి ఎముకని కూడా కొంచెం కోస్తే అకిన్ అంటారు. వంకర బాగా ఎక్కువుండి పాదం మధ్య కీలు వదులుగా ఉంటే లాపిడస్ అని ఆ కీలునే అతికించేస్తారు. మామూలు కాలికి వేలు వాలిన కోణం 15 డిగ్రీల లోపు ఉంటుంది, నా ఎడమ కాలికి 38 ఉండేది. నీది ఎంతో అడుగు. ఎక్స్-రే నిలబెట్టి తీశారా పడుకోబెట్టి తీశారా అని కూడా అడుగు, బరువు మోపి తీసిన దాంట్లోనే అసలు వంకర తెలుస్తుంది. ఏ పేరు ఆపరేషనో తెలుసుకోమని ఇంతగా ఎందుకంటున్నానంటే, షెవ్రాన్, స్కార్ఫ్ అయితే మామూలుగా మర్నాటి నుంచే ప్రత్యేకం చెప్పు వేసుకుని మడమ మీద నాలుగడుగులు వెయ్యనిస్తారు, లాపిడస్ అయితే కొన్ని వారాలు కాలు అసలు కింద మోపనివ్వకపోవచ్చు, ఆ ఒక్క తేడాతో మీ ఇంట్లో ఏర్పాట్లన్నీ మారిపోతాయి.

నీ రెండో వేలు కూడా వంకర అన్నావు కాబట్టి దాన్నీ అప్పుడే సరిచెయ్యొచ్చు. అలా చేస్తే వేలి కొసన సన్నటి తీగ ఒకటి బయటికి కనపడుతూ ఉండొచ్చు, చూసి హడలిపోకు, నాలుగైదు వారాలకి ఓపీలోనే లాగేస్తారు, క్షణం పని, నాకు ఇంజెక్షన్ అంత నొప్పి కూడా లేదు. ఉన్నన్నాళ్ళూ అది దుప్పటికి తగులుకోకుండా చూసుకోవాలి, నేను మంచం కాళ్ళ దగ్గర అట్టపెట్టె బోర్లించి దాని మీదుగా దుప్పటి కప్పుకునేదాన్ని.

మెట్టెల సంగతి. తియ్యాల్సిందే చెల్లీ, రెండు కాళ్ళవీ. ఆపరేషన్ లో నెత్తురు ఆపడానికి కరెంటు మెషిన్ వాడతారు, ఒంటి మీద లోహం ఉండకూడదు, అదీగాక వేలు వాచిందంటే మెట్టె వేలిని కోసేస్తుంది. ఆసుపత్రికి వెళ్ళాక తీద్దాంలే అనుకోకు. నాకు అదే జరిగింది, థియేటర్ లోకి వెళ్ళే ముందు నర్సమ్మ సబ్బు రాసి లాగితే రాలేదు, దారం చుట్టి లాగితే రాలేదు, చివరికి చిన్న కటింగ్ ప్లేయర్ తెచ్చి పుటుక్కుమని కోసేశారు, పాతికేళ్ళ నాటి మెట్టెలు, మా అమ్మ పెట్టినవి, ఆ శబ్దానికి నాకు ఏడుపొచ్చేసింది. రెండోసారి వారం ముందే కంసాలి దగ్గర కూర్చుని నెమ్మదిగా విప్పించుకున్నా, మా అత్తగారు వాటిని పసుపు కుంకుమ పెట్టి దేవుడి దగ్గర వెండి గిన్నెలో ఉంచారు, కాలు బాగుపడ్డాక ఆవిడ చేత్తోనే పెట్టించుకున్నా. మీ అత్తగారికి ఇది చెప్పు. తియ్యడం అంటే ఆవిడకి కీడు అనిపిస్తోంది పాపం, తీసి ఎక్కడ పెడతాం, మళ్ళీ ఎప్పుడు పెట్టుకుంటాం అనేది ముందే చెప్తే ఆవిడే దగ్గరుండి చేస్తారు. ఆపరేషన్ అయిన కాలికి వాపు పూర్తిగా దిగేదాకా పెట్టుకోవద్దు, నేను ఆరు నెలలు ఆగి కాస్త వదులువి పెట్టుకున్నా. కాళ్ళకి పసుపు, పారాణి, గోళ్ళకి రంగు, గోరింటాకు కూడా ఆపరేషన్ కి పదిహేను రోజుల ముందు నుంచీ వద్దు, వేళ్ళ రంగు చూసే కదా వాళ్ళు నెత్తురు సరిగ్గా పారుతోందా లేదా అని తెలుసుకునేది.

ఇల్లు. నువ్వు రాసిన దాంట్లో నన్ను ఎక్కువ కంగారు పెట్టింది షుగర్ కూడా కాదు, మేడ మీద ఉంటాం బాత్రూం కింద అన్నది. ఆ రెండు నెలలూ కింద గదిలోకి మారిపో, వేరే మాట లేదు. కింద గది లేకపోతే మీ అమ్మగారింటికో అక్క ఇంటికో వెళ్ళిపో. రాత్రి రెండింటికి ఒంటికాలి మీద మెట్లు దిగడం నీ వల్ల కాదు, జారితే రెండో కాలు కూడా పోతుంది. గొంతుకూర్చునే లెట్రిన్ అయితే మధ్యలో కన్నం ఉండే కమోడ్ కుర్చీ దొరుకుతుంది మందుల షాపుల దగ్గర, అద్దెకి కూడా ఇస్తారు, కొనే పని లేదు. స్నానానికి ప్లాస్టిక్ కుర్చీ, కాలు పెట్టడానికి ఎదురుగా ఒక స్టూలు, కాలికి పెద్ద ప్లాస్టిక్ కవర్ తొడిగి మోకాలి కింద టేపు, కాలు బయటికి పెట్టి మిగతా ఒళ్ళు కడుక్కోవడమే. కట్టు తడిస్తే దాచిపెట్టకుండా వెళ్ళి మార్పించుకో. గడపల దగ్గర, తులసికోట దగ్గర తట్టుకునే పట్టాలు, చాపలు తీసేయించు. ఫోన్, చార్జర్, నీళ్ళు, మందులు, టార్చిలైటు, కళ్ళజోడు చేతికందే దూరంలో.

వాకర్ ముందే తెచ్చుకుని ఇంట్లో నడిచి చూడు, మంచి కాళ్ళతో నేర్చుకుంటే ఆ రోజు తడబడవు. చంక కర్రలు అయితే చంకకి రెండు మూడు వేళ్ళ కిందకి ఉండేలా ఎత్తు సరిచేయించు, బరువు అరచేతుల మీద పడాలి, చంకలో ఆనితే చెయ్యి తిమ్మిరెక్కుతుంది. మెట్టు ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు ఆపరేషన్ కాలు ముందు, ఇది బట్టీ పట్టెయ్యి.

సెలవు, డబ్బు గురించి రెండు ముక్కలు. జూన్ 12 కి ఏడు వారాలు అవుతాయి గానీ రోజంతా నిలబడే ఉద్యోగానికి ఎనిమిది నుంచి పన్నెండు వారాలు అంటారు. కాబట్టి స్కూల్ తెరిచాక ఒక మూడు నాలుగు వారాలకి మెడికల్ సర్టిఫికెట్ మీద కమ్యూటెడ్ లీవ్ పెట్టుకో, హాఫ్ పే లీవ్ లోంచి రెట్టింపు రోజులు తగ్గుతాయి కానీ జీతం పూర్తిగా వస్తుంది, చేరేటప్పుడు ఫిట్‌నెస్ సర్టిఫికెట్ అడుగుతారు. ఎంప్లాయీస్ హెల్త్ కార్డు మీద అవుతుందా లేదా ఆసుపత్రిలో ఉండే డెస్క్ దగ్గర ముందే అడిగి తేల్చుకో. ప్రైవేటు ఇన్సూరెన్స్ కూడా ఉంటే డాక్టర్ గారి కాగితంలో నొప్పి, నడక ఇబ్బంది, పుండ్లు పడటం స్పష్టంగా రాయించు, అందం కోసం చేయించుకున్నారు అని తిప్పి పంపకుండా.

ఆపరేషన్ రోజు. అన్నం టిఫిను ఆరు గంటల ముందు దాకానే, పాలు కలిపిన టీ కూడా ఆ లెక్కలోకే వస్తుంది, మంచినీళ్ళు మాత్రం మామూలుగా రెండు గంటల ముందు దాకా తాగనిస్తారు. షుగర్ గోళీలు ఆ రోజు ఏవి వేసుకోవాలి ఏవి మానాలి అన్నది కాగితం మీద రాయించుకో. వెన్నుకి గానీ మోకాలి వెనక గానీ మత్తు ఇస్తారు, నాకు రెండోసారి మోకాలి వెనక ఇచ్చారు, పద్దెనిమిది గంటలు కాలు కొయ్యలాగా ఉంది. ఇక్కడే నేను మొదటిసారి చేసిన తప్పు చెప్తా విను. నొప్పి ఏమీ లేదు కదా అని రాత్రి నొప్పి గోళీ వేసుకోకుండా పడుకున్నా, తెల్లవారుజామున మత్తు ఒక్కసారిగా దిగిపోయింది, ఎవరో పాదాన్ని తలుపు సందులో పెట్టి నొక్కుతున్నట్టు, మా ఆయన్ని లేపి గోళీ వేసుకున్నా అది పనిచెయ్యడానికి గంట పట్టింది, ఆ గంట మాత్రం వద్దు నీకు. స్పర్శ రాకముందే, గడియారం చూసి, రాసిచ్చిన టైముకి వేసుకో. మెడికల్ షాపు వాడు ఇచ్చిన వేరే నొప్పి గోళీ పైన కలపకు, షుగర్ ఉన్నవాళ్ళకి కిడ్నీల గొడవ. గట్టి నొప్పి మందులకి మలబద్ధకం వస్తుంది, దానికి కూడా మందు అడుగు.

ఇక అన్నిటికంటే ముఖ్యమైంది, కాలు ఎత్తు. మొదటి రెండు వారాలు గంటలో యాభై నిమిషాలు కాలు గుండె కంటే ఎత్తులో ఉండాలి. కుర్చీలో కూర్చుని ఎదురుగా స్టూలు మీద పెట్టుకుంటే ఎత్తు కాదు అది, పడుకుని పిక్క కింద రెండు మూడు దిళ్ళు పెట్టి మడమ గాల్లో ఉండేలా. ఎందుకో నీకే తెలుస్తుంది మొదటిసారి బాత్రూంకి లేచినప్పుడు. కాలు కిందకి దించగానే నెత్తురంతా జివ్వున పాదంలోకి దిగుతుంది, వేళ్ళు చూస్తుండగానే ఎర్రబడి ఆ తర్వాత నీలం వంకాయ రంగులోకి వచ్చేస్తాయి, కట్టు బిగుసుకుపోయి లోపల డప్పు కొట్టినట్టు ఉంటుంది, మళ్ళీ పడుకుని ఎత్తితే ఐదు నిమిషాల్లో రంగు తిరిగొస్తుంది. అది మామూలే. ఎత్తి పెట్టినా రంగు రాకపోతే, వేళ్ళు చల్లబడి తిమ్మిరిగా ఉంటే మాత్రం మామూలు కాదు, కట్టు బిగుతై ఉండొచ్చు, వెంటనే ఆసుపత్రికి ఫోన్.

నేను తొమ్మిదో రోజు లేచా. నొప్పి తగ్గింది, వరలక్ష్మీ వ్రతం, ఇంట్లో ముగ్గురు ముత్తైదువులు వస్తారు, ఒక్క పులిహోర కలిపేసి వెళ్ళి పడుకుంటా అనుకున్నా. ఒక్క పులిహోర ఎక్కడ ఆగుతుంది, పక్క పొయ్యి మీద పరమాన్నం, గారెలకి పిండి, గంటన్నర నిలబడిపోయా. సాయంత్రానికి తెల్ల కట్టు మీద రూపాయి బిళ్ళంత ఎర్రటి మచ్చ, మర్నాటికి అది అరచెయ్యంత. వెళ్తే కుట్ల దగ్గర చర్మం విచ్చుకుంది అన్నారు. పన్నెండు పదమూడు రోజులకి తియ్యాల్సిన కుట్లు నాకు ఇరవై ఎనిమిదో రోజుకి తీశారు, యాంటీబయాటిక్స్ రెండు రకాలు, ఆ మచ్చ ఇప్పటికీ వెడల్పుగా ఉంది. నాకు షుగర్ లేదు చెల్లీ. నీకుంది. అందుకే చెప్తున్నా, సర్జన్ పని గంటో గంటన్నరో, మిగతా ఆరు వారాలూ నీ చేతిలో, మీ ఇంట్లోవాళ్ళ చేతిలో ఉన్నాయి. వంట ఎవరు చేస్తారు, బట్టలు ఎవరు ఆరేస్తారు, అత్తగారి మందులు ఎవరు చూస్తారు అన్నది ఏప్రిల్ లోనే అందరినీ కూర్చోబెట్టి పేరు పేరునా మాట్లాడు. మీ ఆయనకి కుక్కర్ పెట్టడం రాకపోతే ఈ మూడు నెలల్లో నేర్పు. నొప్పి తగ్గిన రోజు నుంచే అసలు జాగ్రత్త మొదలవుతుంది, నొప్పి ఉన్నన్నాళ్ళు ఎలాగూ లేవం.

పత్యం సంగతి. పప్పు తింటే చీము పట్టదు. మా ఇంట్లోనూ అదే గొడవ, పప్పు వద్దు, వంకాయ వద్దు, గుడ్డు వద్దు, చారన్నం పెట్టారు వారం రోజులు. చీము పట్టేది సూక్ష్మక్రిముల వల్ల, షుగర్ ఎక్కువుండటం వల్ల, కట్టు తడవడం వల్ల. పుండు పూడటానికి మాంసకృత్తులు కావాలి, పప్పు, గుడ్డు, పెరుగు, చేపల పులుసు, అన్నీ తిను, రాగిజావ తాగు, పాలకూర కంటే రాగుల్లోనే సున్నం (కాల్షియం) ఎక్కువ, బెల్లం మాత్రం వెయ్యకు నీ షుగర్ కి. మీ అత్తగారికి ఈ ముక్క డాక్టర్ గారి నోటితో చెప్పించు, మనం చెప్తే ఎదురు చెప్పినట్టు ఉంటుంది. బాత్రూంకి లేవాల్సొస్తుందని నీళ్ళు తాగడం తగ్గించకు, అందరం చేసే పనే అది, నెత్తురు చిక్కబడుతుంది. పుండు మీద పసుపు, ఆకు పసరు ఏమీ పెట్టనివ్వకు. కట్టు విప్పి పుత్తూరు కట్టు కట్టిద్దాం అని ఎవరో ఒకరు అంటారు, లోపల స్క్రూలు ఉన్న ఎముక అది, వద్దు.

పడుకున్నా సరే చీలమండని పైకీ కిందకీ ఆడిస్తూ ఉండు, గంటకి ఇరవై సార్లు, మోకాలు మడుస్తూ తెరుస్తూ ఉండు, పిక్కలో నెత్తురు కదలడానికి. పిక్క ఒక్కటే గట్టిపడి వాచి నొప్పి పెడితే, ఆయాసం వచ్చినా, ఛాతీలో పోటు వచ్చినా రాత్రి పగలు చూడకుండా వెళ్ళిపో. జ్వరం, కట్టు లోంచి వాసన, ఎరుపు పైకి పాకడం, ఉన్నట్టుండి షుగర్ పెరిగిపోవడం, ఇవి చీము గుర్తులు.

కుట్లు తీశాక, డాక్టర్ గారు సరే అన్నాక, బొటనవేలిని చేత్తో పట్టుకుని పైకి కిందకి వంచడం మొదలుపెట్టాలి. భయమేస్తుంది, ఎముక ఊడొస్తుందేమో అనిపిస్తుంది, స్క్రూ పట్టుకుని ఉంటుంది, ఏమీ కాదు, ఎంతవరకు వంచాలో ఫిజియో చూపిస్తారు. ఇది చెయ్యనివాళ్ళకే వేలు కట్టెలాగా బిగుసుకుపోయేది. ఆ తర్వాత నేల మీద తువ్వాలు పరిచి వేళ్ళతో దగ్గరికి లాక్కోవడం. పుండు పూర్తిగా ఆరాక కొబ్బరి నూనెతో మచ్చని రోజూ రుద్దు. బొటనవేలి పక్కన కొంత చోట మొద్దుబారినట్టు ఉండొచ్చు, చర్మం కింద సన్న నరం నలుగుతుంది, చాలావరకు నెలల్లో తగ్గుతుంది, నాకు ఎడమ కాలికి గోరు పక్కన ఇప్పటికీ కొంచెం ఉంది, అలవాటైపోయింది.

ఆరో వారం ఎక్స్-రేలో ఎముక అతుక్కుంది అంటే ఆ ప్రత్యేకం చెప్పు వదిలి వెడల్పాటి ముందు భాగం ఉన్న మెత్తటి బూటు. వాపు సాయంత్రాలు మూడు నుంచి ఆరు నెలలు ఉంటుంది, కొందరికి ఏడాది దాకా, కాబట్టి మొదటి నెలలోనే కొత్త చెప్పులు కొనేసుకోకు, సైజు మారిపోతుంది. బాసింపట్టు ఏడెనిమిది వారాలకి వస్తుంది, గొంతుకూర్చోవడం, వేళ్ళు విరిచి కూర్చోవడం మూడు నెలల దాకా వద్దు. నీది కుడి కాలు కదా, స్కూటీ మీద స్కూల్ కి వెళ్తున్నట్టయితే ఎనిమిది వారాల లోపు ముట్టుకోకు, సిగ్నల్ దగ్గర ఒక్కసారి బండి కుడివైపు ఒరిగితే ఆపాల్సింది ఆ కాలే.

మళ్ళీ వంకర వస్తుందా అని అడుగుతావని తెలుసు. కొందరికి వస్తుంది, దాచడం ఎందుకు. మీ అమ్మగారికీ ఉంది కాబట్టి మీ ఒంట్లోనే ఆ తీరు ఉంది, మొనదేరిన చెప్పులు మళ్ళీ మొదలుపెడితే ఇంకా తొందరగా వస్తుంది. పాదం ముందు భాగంలో పక్క వేళ్ళ కింద నొప్పి రావడం, ఎముక అతకడం ఆలస్యం కావడం, ఇవి కూడా ఉన్నాయి, సంతకం పెట్టే ముందు ఒక్కొక్కటీ అడిగి తెలుసుకో. ఇంటర్నెట్ లో అమ్మే వేళ్ళ మధ్య పెట్టే రబ్బరు ముక్కలు, రాత్రి కట్టుకునే పట్టీలు వంకరని తియ్యవు, ఈ మూడు నెలలూ ఒరుపు తగ్గడానికి మెత్తటి దిండు లాగా పనికొస్తాయి అంతే, అవి కూడా రోజూ విప్పి చర్మం చూసుకుని పెట్టుకో.

రెండు కాళ్ళూ ఒకేసారి చేయించుకోవచ్చా అని మీ ఆయన అడిగారని చివర్లో రాశావు. నీ ఎడమ కాలు నొప్పి లేదన్నావు కదా, నొప్పి లేని కాలిని చూడ్డానికి బాలేదని కోయించకు. ముందు ఈ వారంలో షుగర్ డాక్టర్ దగ్గరికి వెళ్ళు, ఏప్రిల్ కి ఎంతకి దిగిందో నాకు రాయి.